మురుగునీటి ట్యాంకు మరమ్మతంటే ప్లాస్టరింగ్ ఒక్కటే కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరగా ఉన్న మా అపార్ట్‌మెంట్‌లో భూమిలోపలి మురుగునీటి ట్యాంకుకు మూడేళ్లలో రెండుసార్లు మరమ్మతు చేయించవలసి వచ్చింది. మొదటిసారి వచ్చిన గుత్తేదారు ట్యాంకు ఖాళీ చేయించి, గోడలు కడిగించి, వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపిన సిమెంటుతో ప్లాస్టరింగ్ చేయించి, మూడు రోజుల్లో పని ముగించాడు. రెండో వానాకాలం నాటికి ఆ ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడి పంపుకు అడ్డుపడసాగింది. మూత తీసి టార్చి వేసి చూస్తే, మేము భయపడిన గోడల అడుగుభాగం గట్టిగానే ఉంది. ఎవరూ తలెత్తి చూడని పైకప్పు స్లాబ్ కింద మాత్రం ఊచలు తుప్పుపట్టి బయటపడ్డాయి. అక్కడి కాంక్రీటును వేలితో గీస్తే నానిన సున్నంలా చేతికి వచ్చింది.

ఇది చాలామందికి వింతగా తోచవచ్చు గాని, ఇందులో వింతేమీ లేదు. గాలి ఆడని మురుగులోనూ, అడుగున పేరుకున్న బురదలోనూ ఉండే సూక్ష్మజీవులు నీటిలోని సల్ఫేట్లను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. ఆ వాయువు నీటిమట్టం పైనున్న ఖాళీలోకి చేరి, చెమర్చిన స్లాబ్‌కు పట్టుకుంటుంది. అక్కడ పెరిగే మరో రకం బ్యాక్టీరియా దానిని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. కాంక్రీటులోని సున్నాన్ని ఆ ఆమ్లం జిప్సంగా మార్చి మెత్తబరచడం, తరువాత తేమ లోపలికి దిగి ఊచలను తినడం వరుసగా జరిగిపోతాయి. అందుకే మురుగు తగిలే చోటు కంటే మురుగు తగలని చోటే ముందు పాడవుతుంది. ఆ మెత్తబడిన పొరను తీయకుండా దానిమీదే కొత్త సిమెంటు పూస్తే, అది పుచ్చిన పంటికి పైన సున్నం పెట్టినట్టే.

రెండోసారి పిలిచిన ఇంజినీరు ముందుగా సుత్తితో స్లాబ్ అంతా తట్టించి, డొల్ల శబ్దం వచ్చిన చోట్ల సుద్దతో గుర్తులు పెట్టించారు. తరువాత చిప్పింగ్, అంటే పాడైన కాంక్రీటును చెక్కే పని, చేయించి, కొత్తగా విరిగిన ముఖాన్ని కడిగించి, ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లించారు. క్షారగుణం మిగిలి ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరిగింది, ఆమ్లం తిన్నది రంగు మారలేదు. రంగు వచ్చేదాకా చెక్కుతూనే పోయారు. ఊచల తుప్పు తీసి, బాగా సన్నబడిన వాటి పక్కన కొత్త ఊచలు కట్టి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టార్‌ను (అతుకుబలం పెంచే రసాయనం కలిపిన సిమెంటు, ఇసుక మిశ్రమం) పొరలు పొరలుగా ఎక్కించారు. అది పూర్తిగా ఆరిన తరువాతనే ఎపాక్సీ లైనింగ్, అంటే గట్టిపడే రెజిన్ పూత, వేశారు. వాయువు పుట్టడం ఆగేది కాదు కనుక, అది కాంక్రీటును తాకకుండా చేసే ఈ పొర తప్పనిసరి. కంటికి కనబడని సూదిరంధ్రాలను, రంధ్రమున్న చోట విద్యుత్ రవ్వ వచ్చే స్పార్క్ టెస్టర్‌తో పట్టుకుని మళ్లీ పూశారు. ఖర్చు మొదటిదానికి దాదాపు నాలుగింతలైంది. మొదటిసారి పెట్టినది మాత్రం పూర్తిగా వృథా.

ఏటి ఒడ్డు ఊళ్లలో దీనికి కాలం చూసుకోవడం కూడా అవసరం. వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చినప్పుడు ట్యాంకును ఖాళీ చేస్తే, బయటి నీటి ఒత్తిడికి లైనింగ్ అప్పడంలా పొంగుతుంది. బరువు చాలని ట్యాంకైతే మొత్తంగా పైకి తేలే ప్రమాదమూ ఉంది. మేము ఏప్రిల్‌లో మొదలుపెట్టడానికి కారణం అదే.

మనుషుల సంగతి ఇంకా ముఖ్యం. ఈ వాయువు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది గాని, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవారు ప్రాణాలు పోగొట్టుకుంటారు. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. మొదటిసారి మా ట్యాంకులోకి దిగిన కుర్రవాడి నడుముకు తాడు కూడా లేదని, మేమంతా పైనుంచి చూస్తూ నిలబడ్డామని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. రెండోసారి యంత్రంతో తోడించి, బ్లోయర్‌తో గాలి ఆడించి, గ్యాస్ మీటరు చూసుకున్నాకే బెల్టు కట్టి దించారు.

అసలు చిక్కు ఒప్పందాల్లోనే ఉందని నా అభిప్రాయం. చదరపు అడుగుకు ఇంతని పూతకు రేటు రాసుకుంటే, పాడైన కాంక్రీటును చెక్కే ప్రతి గంటా గుత్తేదారుకు నష్టమే కనుక అతడు చెక్కడు. చిప్పింగ్‌కు వేరుగా రేటు రాసి, రంగు పరీక్షను యజమానులు కళ్లారా చూశాకే మోర్టార్ వేయాలని, చివర నీటి పరీక్ష జరిగాకే మిగిలిన సొమ్ము చెల్లించాలని షరతు ఉండాలి. నీటి పరీక్ష అంటే ట్యాంకు నింపి మర్నాడు చూసుకోవడం కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 3370 ప్రకారం నింపాక 7 రోజులు ఆగి, ఆపైన మరో 7 రోజులు మట్టం ఎంత తగ్గిందో కొలవాలి. శ్రీకాకుళం, విజయనగరం నగరపాలక సంస్థల ఇంజినీరింగ్ విభాగాలు తమ సొంత ట్యాంకుల టెండర్లలో ఈ షరతులు పెట్టాలని, అపార్ట్‌మెంట్ సంఘాలకు పనికివచ్చేలా వాటినే ఒక పేజీ తెలుగులో అచ్చువేసి ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ నివాసి,
శ్రీకాకుళం