పీర్‌లెస్ అంటే ఫ్రెండ్స్ లేనివాడా?

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా మనవరాలు ఏడో తరగతి. మొన్న వాళ్ల బడిలో పరుగు పందెం గెలిచిన కుర్రాడికిచ్చిన సర్టిఫికెట్ మీద 'పీర్‌లెస్' అని రాశారట. ఇంటికొచ్చి, "తాతా, పాపం వాడికి ఫ్రెండ్స్ లేరని అందరి ముందూ చెప్పేశారేంటి?" అంది. నవ్వొచ్చింది గానీ దాని లెక్క తప్పేమీ కాదు. 'పీర్ గ్రూప్' అంటే తోటి పిల్లలని క్లాసులో చెప్పారు, 'లెస్' అంటే లేకపోవడం. టీచర్ని అడిగితే, "ఎక్సలెంట్ అని గుర్తుపెట్టుకో, చాలు" అన్నారట.

తెలుగులో చెబితే నిమిషం పని. పీర్ అంటే సాటివాడు. సాటి పిల్లలు అంటాం, సాటిలేనివాడు అనీ అంటాం. మూలం లాటిన్‌లో 'పార్'. సమానమనీ దాని అర్థమే, సరి సంఖ్య అనీ దాని అర్థమే. మన 'సరి' కూడా అంతే కదా! సరిసమానం అంటాం, చింతపిక్కలు గుప్పిట్లో దాచి సరా బేసా అని ఆడతాం. ఆ మాటే ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకొచ్చి పీర్ అయింది. క్రికెట్ అంపైర్‌దీ ఆ ఇంటిపేరే. పాత ఫ్రెంచిలో 'నాన్‌పెర్', అంటే ఇద్దరి మధ్య బేసిగా నిలబడే మూడోవాడు. ఇంగ్లిష్‌వాళ్ల నోట 'ఎ నంపైర్' కాస్తా 'ఆన్ అంపైర్' అయిపోయి ముందున్న 'న' ఎగిరిపోయింది. ఇంగ్లండ్‌లో ప్రభువులనూ పీర్లనే అంటారు. సమానులు జనంతో కాదు లెండి, వాళ్లలో వాళ్లే!

ఇదంతా విన్నాక పిల్ల నోట్‌బుక్‌లో పీర్‌లెస్ పక్కన 'ఎక్సలెంట్' కొట్టేసి 'సరిజోడు లేని' అని రాసుకుంది.

ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిష్. 1936లో ఒడిశా ఏర్పడి మా ఊరు ఇటు వచ్చినప్పటి నుంచీ ఇంతే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్న మనిషాయన. అలాంటి ఊళ్లో ఈ బడి తెలుగు మాస్టారు రిటైరై రెండేళ్లయినా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆగస్టు 29న ఆయన జయంతికి దండలు వేయడానికి మాత్రం అందరం వెళ్తాం. వచ్చే ఏడాది బడి తెరిచేలోపు ఆ పోస్టు నింపాలని అధికారులను కోరుతున్నాను. మీరు కూడా రోజూ వేసే ఇంగ్లిష్ మాటకు అర్థంతో పాటు దాని పుట్టుక గురించి రెండు ముక్కలు వేయండి. 'కంపేర్'లో కూడా ఆ 'పార్' ఉందా అని మా పిల్ల అప్పుడే అడిగింది. ఉంది.

- ఒక పాఠకుడు, పర్లాకిమిడి