డిశ్చార్జి కాగితంతో బాధ్యత తీరిపోదు: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఆత్మహత్యాయత్నం చేసి ప్రాణాలతో బయటపడినవారు ఇంటికి వెళ్ళాక వారి బాగోగులు కనుక్కుంటూ ఉండే పనిని ఫలానా ఉద్యోగిదని పేరు పెట్టి అప్పగించాలనీ, దానిని ముందుగా గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మొదలుపెట్టించాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను అత్యవసర విభాగాల్లో చాలా ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసిన నర్సును.

ఇలాంటివారు 108లో వచ్చినప్పుడు ప్రాణం నిలబెట్టడానికి వైద్యులూ సిబ్బందీ పడే శ్రమ నాకు తెలుసు, దానిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నన్ను కలవరపెట్టేది ఆ తర్వాత జరిగేదే. మెడికో లీగల్ కేసు కనుక పోలీసులు వచ్చి వాంగ్మూలం తీసుకుంటారు, మంచం పక్కనున్న బంధువులు ‘కడుపునొప్పి భరించలేక’ అంటారు, ఆ మాటే కాగితం మీదకు ఎక్కుతుంది. అప్పుల బాధో, ఇంట్లో పడే దెబ్బలో, పరీక్ష తప్పిన అవమానమో, ఆ మనిషిని అంతదాకా తెచ్చిన కారణం మాత్రం ఎక్కడా నమోదు కాదు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్ల కింద, సైకియాట్రీ ఓపీలో చూపించుకోవాలని ఒక్క వాక్యం రాసి ఉంటుంది. ఒకరోజు కూలి పోగొట్టుకుని, ‘పిచ్చి డాక్టరు’ దగ్గరికి వెళ్ళారన్న మాట కూడా పడటానికి సిద్ధపడి తిరిగి వచ్చే కుటుంబాలు నేను చూసినంతలో తక్కువ. ఆసుపత్రే ఫోన్ చేద్దామనుకున్నా, కేస్ షీటులో ఉన్న నంబరు చాలాసార్లు ఆ రాత్రి తోడు వచ్చిన పొరుగువారిది.

ఒకసారి ప్రయత్నించినవారికే మళ్ళీ ముప్పు ఎక్కువని, అందులోనూ ఆసుపత్రి నుంచి వెళ్ళిన తొలి వారాలూ నెలలూ మరీ జాగ్రత్తగా ఉండవలసినవని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. అంటే మనం చేయి వదిలేస్తున్నది సరిగ్గా ఆపద ఎక్కువగా ఉన్న సమయంలోనే.

దీనికి దారి కూడా తెలిసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో జరిపించి 2008లో ఫలితాలు ప్రచురించిన అధ్యయనంలో మన పొరుగున ఉన్న చెన్నై కూడా ఒక కేంద్రం. అందులో పాల్గొన్న 1,867 మందిలో కొందరికి మామూలు చికిత్స మాత్రమే అందింది. మిగిలినవారితో డిశ్చార్జికి ముందు ఒక గంటసేపు విడిగా మాట్లాడి, ఆ తర్వాత 18 నెలల్లో 9 సార్లు ఫోన్ ద్వారానో, ఇంటికి వెళ్ళో పలకరించారు. మొదటి పలకరింపు వారానికే, తర్వాతవి క్రమంగా ఎడం పెంచుతూ. ఏడాదిన్నర గడిచేసరికి ఆత్మహత్యతో మరణించినవారు మామూలు చికిత్స పొందినవారిలో 2.2 శాతం, పలకరింపు అందినవారిలో 0.2 శాతం. దీనికి కావలసింది వినడం తెలిసి, శిక్షణ పొందిన నర్సో, సైకాలజిస్టో, ఒక ఫోనూ, ఒక రిజిస్టరూ. సీటీ స్కాన్ కంటే ఎంత చవకో మీకు వేరే చెప్పనక్కరలేదు.

చట్టం కూడా ఇదే అడుగుతోంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని చెప్పి ఊరుకోలేదు. అటువంటి ప్రయత్నం మళ్ళీ జరిగే ముప్పు తగ్గేలా సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి అని కూడా చెప్పింది.

మానసిక బాధలో ఉన్నవారు ఫోన్ చేసి మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరు ఉంది కదా అని అధికారులు మీకు చెప్పవచ్చు. అది ఎంతో అవసరమైన సేవ, ప్రతి డిశ్చార్జి కాగితం మీదా ఆ నంబరు పెద్ద అక్షరాలతో ఉండాలి. అయితే ఆ నంబరుకు ఫోన్ చేయాలంటే ముందు ఆ మనిషికి చేయాలనిపించాలి. ఎవరికీ అక్కరలేనివాడినయ్యానని కుంగిపోయిన మనిషి చాలాసార్లు ఆ పని చేయలేడు. అందుకే ఫోన్ మన వైపు నుంచి వెళ్ళాలి, వీలైనంతవరకు ప్రతిసారీ అదే మనిషి చేయాలి. నిద్ర పడుతోందా, మందులు వేసుకుంటున్నారా, ఆ రోజు చెప్పిన ఇబ్బంది ఎంతవరకు వచ్చిందని అడగాలి. అప్పు సమస్య అయితే ఏ అధికారిని కలవాలో, ఇంట్లో హింస అయితే ఎక్కడ రక్షణ దొరుకుతుందో చెప్పగలగాలి.

గోప్యత విషయంలో ఒక మనవి. ఈ పనిని నేరుగా ఆశా కార్యకర్తకో, సచివాలయానికో పంపితే వీధి వీధంతా తెలిసిపోతుందన్న భయం కుటుంబాలకు ఉంటుంది, అది కాదనలేని భయమే. డిశ్చార్జికి ముందే రోగి అనుమతి, సొంత నంబరు, ఏ వేళకు మాట్లాడగలరో రాసుకోవాలి. ఫోన్ దొరకనప్పుడు, రోగి ఒప్పుకుని ఉంటేనే, ఏఎన్ఎం ద్వారా కబురు చేయాలి.

ఈ రెండు ఆసుపత్రులకూ ఉత్తర్వులు ఇచ్చి, ఏడాది తర్వాత ఎంతమందిని పలకరించగలిగారో పేర్లు లేకుండా ప్రకటించమని కోరుతున్నాను. కొత్తవారికి శిక్షణ ఇవ్వడానికైనా, స్వయంగా ఫోన్లు చేయడానికైనా నావంటి విశ్రాంత నర్సులను పిలిస్తే జీతం ఆశించకుండా వస్తాము.

ఇట్లు,
విశ్రాంత హెడ్ నర్సు, గుంటూరు