మూడేళ్లు వృథా కావమ్మా

అమలాపురం,
2025 జూన్

చిరంజీవి చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నీ ఫోను వచ్చిన దగ్గర నుంచి మీ అమ్మకూ నాకూ అదే ధ్యాస. మూడేళ్లు ప్రాక్టీసు చేయనిదే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయకూడదని మొన్న మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేసరికి కాళ్లకు బంధం వేసినట్టయిందన్నావు. "ఈలోగా సంబంధాలు చూస్తామంటారు, ఇంక నేను జడ్జిని అయినట్టే" అని ఏడ్చావు. ఫోనులో తెగే మాట కాదని రాస్తున్నాను.

ఫాతిమా బీవీ గారు సుప్రీంకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి అని చదువుకునే ఉంటావు. ఆవిడ అక్కడిదాకా ఎలా వెళ్లారో చూడు. పుట్టింది కేరళలోని పత్తనంతిట్టలో. కెమిస్ట్రీ చదివిన కూతురిని న్యాయశాస్త్రం వైపు మళ్లించింది తండ్రి మీరా సాహిబ్ గారే. తిరువాన్కూరు సంస్థానంలో అన్నా చాందీ గారనే ఆవిడ జడ్జిగా ఉండటం చూసి ఆయనకు ఆ కోరిక పుట్టింది. 1950లో బార్ కౌన్సిల్ పరీక్షలో ఫాతిమా గారు అందరికంటే ముందు నిలిచి బంగారు పతకం అందుకున్నారు. అంతటి మనిషీ ఏడేళ్లకు పైగా వకీలుగా పనిచేశాకే, 1958లో మున్సిఫ్ అయ్యారు, అంటే నువ్వు కోరుకునే జూనియర్ సివిల్ జడ్జి లాంటి పదవే. తర్వాత సబ్ జడ్జి, జిల్లా జడ్జి, 1983లో హైకోర్టు. 1989 ఏప్రిల్‌లో అక్కడ రిటైరయ్యారు. ఇక అయిపోయిందని ఎవరైనా అనుకుంటారు కదా, ఆ అక్టోబరు 6నే సుప్రీంకోర్టులో అడుగుపెట్టారు. ఆ కోర్టు ఏర్పడి అప్పటికే 39 ఏళ్లు! అన్నేళ్లూ అక్కడ ఒక్క ఆడమనిషి లేదంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఈ 2025 జూన్ దాకా మొత్తం పదకొండు మందే.

ప్లీడరు గారి గుమాస్తాగా నేను చూసిందొకటి చెబుతాను. మన కోనసీమ దావాలు నీ పుస్తకాల్లో ఉన్నట్టు ఉండవు. చేలకు నీళ్లు పారే బోదె గట్టు ఎవరిది, చేలోకి దారి ఎటు, వాలిన కొబ్బరిచెట్టు ఎవరిది, ఇవే తగాదాలు. ఆమధ్య భర్త పోయినావిడ ఒకరు, మరిది తోటలోకి రానివ్వడం లేదని, అతను అడ్డుపడకుండా కోర్టు ఉత్తర్వు కోరుతూ ఇంజంక్షన్ దావా వేసి బోనెక్కింది. అవతలి ప్లీడరు సర్వే నంబరు అడిగితే చెప్పలేకపోయింది. హద్దులు అడిగితే తూర్పు పడమరలు తారుమారు చేసింది. దావా పోయిందనే అనుకున్నాం. జడ్జి గారు, నీకంటే నాలుగైదేళ్లు పెద్దేమో, "అమ్మా, ఇంటి దగ్గర బయలుదేరి తోటలోకి ఎలా వెళ్తారో చెప్పండి" అన్నారు. ఇక ఆవిడ ఆగలేదు. కాలువ వంతెన, బోదె, అరటి చెట్లు, తుఫానుకు తల విరిగిన చెట్టు, కొబ్బరికాయల దింపు తీసే మనిషికి ఇచ్చే కూలి, అన్నీ చెప్పింది. జడ్జి గారు ప్రతి మాటా రాయించారు.

ఆ ప్రశ్న ఏ కోచింగ్ సెంటరూ నేర్పదమ్మా. కక్షిదారుల పక్కన వరండాలో నిలబడితే వస్తుంది. నీ మూడేళ్లూ దానికే.

సంబంధాల మాట నాకు వదిలెయ్యి. అడిగినవాళ్లకు నేను జవాబు చెప్పుకుంటాను.

ఇక పని సంగతి. మూడేళ్ల లెక్క బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా తాత్కాలికంగా పేరు నమోదైన (ఎన్‌రోల్‌మెంట్) తేదీ నుంచే మొదలని తీర్పులో ఉంది, కాబట్టి ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకు. పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది ధ్రువపత్రం ఇవ్వాలట. మా ప్లీడరు గారు నిన్ను జూనియరుగా తీసుకుంటామన్నారు. రాజమహేంద్రవరంలో చేరతానన్నా నాకు సమ్మతమే, గది అద్దె నేను సర్దుతాను. ఎక్కడో తేల్చుకుని ఆదివారంలోగా చెప్పు.

మీ నాన్న