మళ్లీ సైకిల్ నేర్చుకోవడానికి చోటేదండీ?

సంపాదకులకు నమస్కారం.

జూన్ 3 వస్తే చాలు, ప్రపంచ సైకిల్ దినోత్సవమని టోపీలు పెట్టుకున్నవాళ్ల ర్యాలీ ఫొటోలు పేపర్లలో కనిపిస్తాయి, కింద 'సైకిల్ తొక్కండి, ఆరోగ్యంగా ఉండండి' అని ఒక లైను. సరే, తొక్కుదామనే అనుకున్నాను. కానీ ముప్పై అయిదేళ్లుగా సైకిల్ ముట్టుకోని మనిషి ఎక్కడ మొదలుపెట్టాలి, ముందు ఏం చూసుకోవాలి అన్నది మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం.

నాకు యాభై మూడేళ్లు. అనకాపల్లిలో అన్నయ్య సైకిల్‌కి సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నదాన్ని. ఆ తర్వాత కాలేజీ, పెళ్లి, ఉద్యోగం, స్కూటీ. కిందటేడాది మా అమ్మాయి తన సైకిల్‌ని విశాఖ ఎంవీపీ కాలనీలోని మా బాల్కనీలో వదిలేసి బెంగళూరు వెళ్లిపోయింది. దాన్ని దించి రిపేరు షాపుకి తీసుకెళ్తే ఆయన చైను పట్టుకుని, "ఏటమ్మా, సముద్రం గాలికి ఎలా తినీసిందో సూడండి" అన్నాడు. టైర్ల పక్కల పగుళ్లు, బ్రేకు రబ్బర్లు రాళ్లలా గట్టిపడిపోయాయి. చూడ్డానికి కొత్త సైకిలే. నేను అలాగే గాలి కొట్టించుకుని ఎక్కేసేదాన్ని! ఈ ఊళ్లో ఏడాది పాటు మూలన పడి ఉన్న సైకిల్‌ని చూపించకుండా ఎక్కొద్దు, ముఖ్యంగా బ్రేకులు.

సైకిల్ ఒకసారి వస్తే జన్మలో మర్చిపోరంటారు. సగమే నిజం. పెడల్ మీద కాళ్లు పెట్టాక బ్యాలెన్సు పది నిమిషాల్లో వచ్చేసింది. రానిది వెనక్కి చూడటం. కుడివైపు తల తిప్పితే హ్యాండిల్ కూడా కుడివైపే పోయేది, డబుల్ రోడ్డు మీద అక్కడ ఎప్పుడూ ఒక ఆటో ఉంటుంది. మలుపు దగ్గర చెయ్యి చూపిద్దామంటే, చెయ్యి తీయగానే సైకిల్ వణుకు. చిన్నప్పుడు ఇవన్నీ ఎలా చేశామో తెలీదు, అసలు అప్పుడు వెనక్కి చూసే అవసరం ఎక్కడుండేది, వెనక వచ్చేది ఎడ్లబండి. ఇంకోటి, ఇది నా వయసువాళ్లకి మాత్రమే: రెండు పవర్ల కళ్లజోడు. కింది అద్దం చదువుకోడానికి, అందులోంచి చూస్తే ముందు చక్రం దగ్గరి గుంత మసగ్గా కనిపిస్తుంది. దూరం చూపు అద్దాలు విడిగా చేయించుకున్నాకే టెన్షన్ తగ్గింది. చున్నీ ఇంట్లోనే వదిలేయడం మేలు, అది చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మొదటి వారం నేను అసలు పెడల్ తొక్కలేదు. సీటు బాగా కిందికి దింపించి, రెండు పాదాలూ నేలకి ఆనేలా పెట్టించుకుని, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కాళ్లతో నెట్టుకుంటూ వెళ్లడం, బ్రేకు వేసి ఆగడం, అంతే. పక్కింటి కుర్రాడు "ఆంటీ, సీటు అంత కిందుంటే మోకాళ్లు పోతాయి" అన్నాడు. వాడన్నదీ నిజమే, కాబట్టి ధైర్యం వచ్చాక కొంచెం కొంచెం పైకి లేపించాను. మడమ పెడల్ మీద పెట్టినప్పుడు, పెడల్ అడుగున ఉండగా కాలు తిన్నగా సాగాలి, అదీ కొలత.

బ్రేకు సంగతి మాత్రం పడి నేర్చుకున్నాను. నా సైకిల్‌కి కుడిచేతిది ముందు చక్రం. అప్పూఘర్ వైపు దిగుతుంటే కంగారులో అదొక్కటే గట్టిగా నొక్కేశాను. రోడ్డు అంచున బీచ్ గాలి తెచ్చిపోసిన ఇసుక, ఇంకేముంది, జర్రున జారింది. ఎవరూ చూడలేదని చూసుకున్నాక గానీ మోకాలు చూసుకోలేదు. ఏ చేతిది ఏ చక్రమో ముందే చూసుకుని, దిగుడులో రెండూ కలిపి మెల్లగా వేయాలి. వర్షం పడితే ఇంకా ముందు నుంచే.

హైవే దగ్గర నాకు పంతం లేదు. ఇసుకతోటలో సైకిల్ దిగి, నడిపించుకుంటూ దాటుతాను. ఆగి ఉన్న కార్లకి ఒక మీటరు దూరంగా వెళ్తాను, ఎవరు ఎప్పుడు తలుపు తీస్తారో తెలీదు కాబట్టి. అప్పుడు వెనక హారన్ కొడతారు, కొట్టనీయండి. చీకటి పడితే వెనక ఎర్ర లైటు లేకుండా కదలను. మా చిన్నప్పుడు లైటు లేకపోతే పోలీసులు ట్యూబులో గాలి తీసేసేవారు, ఇప్పుడు అడిగేవాడే లేడు!

ఇక నేను అడగదలచుకున్నది ఒక్కటే. ఇదంతా నేర్చుకోవడానికి నాకు సెల్లార్ ఉంది కాబట్టి సరిపోయింది, లేనివాళ్ల మాటేమిటి? ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే వాహనాలు ఆపుతారు కదా అంటారు. అది నడిచేవాళ్ల కోసం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నలుగురు వరసగా నడుస్తుంటే, హ్యాండిల్ తిన్నగా ఉండని నాలాంటిది అక్కడికి వెళ్తే ఇద్దరికీ ప్రమాదమే. ఆదివారం పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా, ఊళ్లో నాలుగు పేటల్లో నాలుగు స్కూల్ గ్రౌండ్ల గేట్లు తీయించమని అధికారులకి చెప్పండి. పిల్లలకి కాదు, పెద్దవాళ్లకి. ఖర్చు కూడా ఏమీ లేదు, తాళం చెవి ఉన్న వాచ్‌మ్యాన్ ఒకడు చాలు. మా మెట్ల దగ్గర కలిసిన ముగ్గురు ఆడవాళ్లు "నువ్వెళ్తే మేమూ వస్తాం" అన్నారు, వాళ్లకి ఎక్కడికి రమ్మని చెప్పాలో తెలియక ఇంకా ఏమీ చెప్పలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం