మోటోక్రాస్ స్టేడియంలో పుట్టలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికా మోటోక్రాస్ (ఆరుబయట మట్టి ట్రాకుల మీద జరిగే బైకు పందెం) గురించి మీ క్రీడల పేజీలో వ్యాసం వచ్చి వారం దాటింది. ఎవరో ఒకరు తప్పు ఎత్తిచూపుతారని, మీరు సవరణ వేస్తారని ఎదురుచూశాను. ఇప్పటిదాకా ఆ జాడ లేదు కనుక నేనే రాస్తున్నాను. జాతీయ చాంపియన్‌షిప్ 1974లో స్టేడియం దీపాల కింద మొదలైందని, అంతకుముందు అక్కడ ఉన్నదంతా కుర్రకారు సరదా మాత్రమేనని ఆ వ్యాసం చెప్పింది. రెండు మాటలూ తప్పే. 1974లో మొదలైంది సూపర్‌క్రాస్, అంటే స్టేడియంలో మట్టి ట్రాక్ వేసి నడిపే పందేల సిరీస్. జాతీయ మోటోక్రాస్ చాంపియన్‌షిప్ సిరీస్‌ను అమెరికన్ మోటార్‌సైకిలిస్ట్ అసోసియేషన్ 1972లోనే నడిపింది. అది స్టేడియంలో కాదు, ఆరుబయట కొండవాలుల మీద, దుమ్ములో, బురదలో జరిగింది. ఈ రెండు పోటీల తేడా తెలియకుండా అంత పెద్ద వ్యాసం అచ్చుకు ఎలా వెళ్లింది?

నేను చాలా ఏళ్లుగా దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడ ఈ ఆటను ప్రాణంగా చూసుకునే కుటుంబాలు ఎన్నో నాకు తెలుసు. వాళ్ల చరిత్రను నా మాతృభాషలో ఇంత నిర్లక్ష్యంగా రాస్తే నాకు కష్టంగా ఉంది.

ఆ మొదటి సీజన్‌లో ఇంజిన్ పరిమాణాన్ని బట్టి రెండు తరగతులే ఉండేవి. 250 సీసీలో యమహా మీద గ్యారీ జోన్స్, 500 సీసీలో కవాసాకి మీద బ్రాడ్ లాకీ గెలిచారు. మీ వ్యాసంలో ఈ రెండు పేర్లలో ఒక్కటి కూడా లేదు. గ్యారీ జోన్స్ ఏం చేశాడో మీ పాఠకులకు నేను చెబుతాను. 1972లో యమహా మీద, 1973లో హోండా మీద, 1974లో కెనడా కంపెనీ తయారుచేసిన కాన్-యామ్ మీద, వరుసగా మూడేళ్లు, మూడు వేర్వేరు బండ్ల మీద అదే టైటిల్ గెలిచాడు. అందులో 1973 నాటి హోండా మామూలు బండి కాదు. టూ స్ట్రోక్ ఇంజిన్లంటే గిట్టని సోయిచిరో హోండా కంపెనీ, చివరికి ఒప్పుకొని మోటోక్రాస్ కోసం అమ్మకానికి తెచ్చిన మొదటి టూ స్ట్రోక్ బండి, ఎల్సినోర్. మా దగ్గరి లేక్ ఎల్సినోర్ ఊరి పందెం పేరే దానికి పెట్టారు. ఆ మరుసటి ఏడాది కాన్-యామ్ రైడర్లు జోన్స్, మార్టీ ట్రైప్స్, జిమ్మీ ఎల్లిస్ 250 సీసీలో మొదటి మూడు స్థానాలూ పట్టుకుపోయారు. ఇదంతా కుర్రకారు సరదాయేనా?

ఆ బండ్లు ఎలాంటివో కూడా తెలియాలి. ఇప్పటి మోటోక్రాస్ బండి వెనక చక్రం అడుగు దాకా పైకీ కిందికీ కదులుతుంది. 1972లో అది నాలుగు అంగుళాలు కదిలితే గొప్ప. అలాంటి బండితో గుంతలు, మట్టిదిబ్బలు దాటుతూ ఒకే రోజు రెండు మోటోలు, అంటే రెండు విడి పందేలు, పూర్తిచేస్తేనే మొత్తం ఫలితం తేలేది. ఆ దెబ్బంతా రైడర్ నడుమూ మణికట్లూ భరించేవి.

ఇక యూరప్ మాట. ఈ ఆటను అమెరికన్లకు చూపించింది యూరప్ వాళ్లే, అందులో దాచవలసింది ఏమీ లేదు. హస్క్‌వర్నా బండ్లు దిగుమతి చేసుకునే ఎడిసన్ డై, 250 సీసీలో నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన స్వీడన్ రైడర్ టోర్స్టెన్ హాల్‌మన్‌ను 1966లో ఇక్కడికి రప్పించాడు. 1970 నుంచి అమెరికాలో జరిగిన ట్రాన్స్-ఏఎంఏ అనే అంతర్జాతీయ సిరీస్ పోటీల్లో యూరప్ వాళ్లు గెలుస్తుంటే ఇక్కడివాళ్లు చూస్తూ ఉండిపోయారు. 1973లోనైతే నెదర్లాండ్స్ నుంచి యమహా రప్పించిన పియెర్ కార్స్‌మాకర్స్ అమెరికా 500 సీసీ జాతీయ టైటిల్‌నే గెలుచుకున్నాడు. స్థానిక రైడర్లకు అది మింగుడుపడలేదు. కానీ ఆ దెబ్బలతోనే వాళ్లు రాటుదేలారు. 1973లోనే అమెరికన్ రైడర్ జిమ్ పొమరాయ్ స్పెయిన్ వెళ్లి గ్రాండ్ ప్రి (ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక పోటీ) గెలిచాడు. మొదటి జాతీయ సీజన్ విజేత లాకీ, పదేళ్లు పట్టువదలకుండా యూరప్‌లో పోరాడి, 1982లో 500 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ ఘనత సాధించిన తొలి అమెరికన్ అతనే. 1981 నుంచి 1993 దాకా దేశాల మధ్య జరిగే మోటోక్రాస్ పోటీలో అమెరికా ఒక్క ఏడాది కూడా ఓడలేదు. జాతీయ సిరీస్ లేకుండా ఇది సాధ్యమయ్యేదా?

లాస్ ఏంజెలెస్ కొలీజియం స్టేడియంలో 1972 జూలైలో జరిగిన పోటీని నేను తక్కువ చేయడం లేదు. యూరప్ రైడర్లు కూడా ఉన్న ఆ పోటీని పదహారేళ్ల మార్టీ ట్రైప్స్ గెలవడం మా శాన్ డియేగో వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ మీ వ్యాసంలో ఆ పోటీ నిర్వహించిన ప్రమోటర్ గురించి మూడు పేరాలున్నాయి, రైడర్ల గురించి మూడు వాక్యాలు లేవు. క్లబ్బుల ఊసే లేదు. 1974లో 125 సీసీ జాతీయ పోటీలు మొదలైన హ్యాంగ్‌టౌన్ ట్రాక్‌ను నడిపింది ఒక మోటార్‌సైకిల్ క్లబ్బు సభ్యులు. పారలు పట్టి పనిచేసింది వాళ్లే. అక్కడ గెలిచిన మార్టీ స్మిత్ పదిహేడేళ్ల కుర్రవాడు, అతనిదీ మా ఊరే.

ఇక్కడి అధికారులనూ అనాలి. ఇక్కడి మోటోక్రాస్ ట్రాక్ శాడిల్‌బ్యాక్ పార్కు 1984లో మూతపడింది. ఏళ్ల తరబడి ప్రపంచ స్థాయి పోటీలు జరిగిన కార్ల్స్‌బాడ్ ట్రాక్ 2004లో పోయింది, ఆ నేలమీద ఇప్పుడు వ్యాపార భవనాలు ఉన్నాయి. ఒక్క మూలైనా మిగల్చాలని అనుమతులు ఇచ్చేవాళ్లకు తోచలేదు.

మన రాష్ట్రాల అధికారులూ అంతే. హైదరాబాద్ శివార్లలో రాత్రిపూట బైకు పందాలు ఆడుతూ కుర్రాళ్లు పట్టుబడ్డారని మీ పత్రికే రాస్తుంది. బండ్లు స్వాధీనం చేసుకుంటారు, తల్లిదండ్రులను పిలిచి మందలిస్తారు. మంచిదే, రోడ్డు మీద ప్రాణాలు పోకూడదు. మరి హెల్మెట్, అంబులెన్సు, శిక్షకుడు ఉన్న మట్టి ట్రాక్ ఒకటి ప్రతి జిల్లాలో ఎందుకు ఉండకూడదు? బెంగళూరు కుర్రవాడు సి.ఎస్. సంతోష్, కేరళ కుర్రవాడు హరిత్ నోవా ఇలాంటి మట్టి ట్రాకుల మీద నేర్చుకునే, ఎడారుల్లో రోజుల తరబడి సాగే అంతర్జాతీయ పందెం డాకార్ ర్యాలీ దాకా వెళ్లారు. వాళ్ల గురించి మీ క్రీడల పేజీలో ఎన్నిసార్లు వచ్చింది? క్రికెట్ ఆటగాడి జుట్టు కత్తిరింపుకు ఫొటోతో సహా చోటు దొరుకుతుంది.

దయచేసి సవరణ వేయండి. 1972 సీజన్, గ్యారీ జోన్స్, బ్రాడ్ లాకీ పేర్లు అందులో ఉండాలి. అది కూడా లోపలి పేజీ మూలన రెండు వరుసల్లో కాకుండా, వ్యాసం వచ్చిన అదే పేజీలో, పాఠకులకు కనిపించే అక్షరాల్లో వేయండి.

ఇట్లు
మీ పాఠకుడు,
శాన్ డియేగో, కాలిఫోర్నియా