మొక్క కొనే ముందు బాల్కనీలో ఎండను చూడాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ఇంటిపంటల గురించి వచ్చే వ్యాసాలను శ్రద్ధగా చదివే పాఠకుల్లో నేనూ ఒకరిని. విరగకాసిన వంగ, గుత్తులు గుత్తులుగా వేలాడే టమాటాల ఫొటోలు చూసి కుండీలు కొనేవారు మా అపార్టుమెంటులోనే ఏటా పెరుగుతున్నారు. అది సంతోషించవలసిన విషయమే అయినా, వాటిలో ఎన్నో కుండీలు ఏడాది తిరక్కుండానే ఖాళీ అయి మెట్ల కిందికి చేరడం చూస్తే బాధ కలుగుతుంది. 'మా చేతివాసి మంచిది కాదు' అని సరిపెట్టుకునేవారికి నా అనుభవం చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

విజయవాడలో మేముండే మూడో అంతస్తు ఫ్లాటుకు ఉత్తరం వైపు బాల్కనీ ఉంది. నాలుగేళ్ల క్రితం జూన్‌లో, తొలకరి పడగానే, ఒక నర్సరీ నుంచి రెండు గులాబీలు, ఒక మల్లె, నాలుగు మిరప మొక్కలు తెచ్చాను. 'ఎక్కడ పెట్టినా పెరుగుతాయమ్మా' అన్నారు అక్కడివారు. మొదటి రెండు నెలలూ అలాగే పెరిగాయి కూడా. దసరా వచ్చేసరికి కాడలు సాగిపోయి, ఆకులు పాలిపోయి, మొగ్గ తొడగడం ఆగిపోయింది. బలం చాలలేదనుకొని ఎరువు వేశాను, నీళ్లు పెంచాను. సంక్రాంతికి వేళ్లు కుళ్లి మల్లె చనిపోయింది, మిగిలినవీ ఎక్కువ రోజులు నిలవలేదు.

అసలు సంగతి తరువాత తెలిసింది. మన విజయవాడ అక్షాంశంలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రమే మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు బాల్కనీలోకి ఉదయం, సాయంత్రం ఏటవాలుగా ఎండ పడుతుంది. సూర్యుడు దక్షిణానికి జరిగిపోయాక అక్కడ వెలుతురే తప్ప ఎండ ఉండదు. గులాబీకి, మల్లెకు, కాయగూరలకు రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. నేను ఎండాకాలపు బాల్కనీని చూసి మొక్కలు కొని, చలికాలపు బాల్కనీలో వాటిని బతకమన్నాను. ఎండ తగ్గినప్పుడు మొక్క తాగే నీరూ తగ్గుతుందన్న ఆలోచన లేకుండా రోజూ నీళ్లు పోసి ఆ తప్పును ఇంకా పెంచాను. ఇప్పుడు అదే బాల్కనీలో తమలపాకు తీగ గోడంతా పాకింది, పుదీనాకు కొదవ లేదు, పాక్షికమైన నీడను ఓర్చుకునే కనకాంబరం అంచున పూస్తున్నది. కాబట్టి మొక్కలు కొనదలచినవారు ముందుగా ఒక సెలవురోజున ఉదయం నుంచి సాయంత్రం దాకా తమ బాల్కనీలో ఎండ ఎక్కడెక్కడ ఎంతసేపు నిలుస్తున్నదో రాసిపెట్టుకోవాలి, వీలైతే అదే పని ఆరు నెలల తరువాత మరొకసారి చేయాలి.

కుండీ ఎంపికలోనూ అందం కన్నా లోతు ముఖ్యం. తోటకూర, మెంతికూరలకు 6 నుంచి 8 అంగుళాల తొట్టి సరిపోతుంది. వంగ, మిరప, టమాటాలకు అడుగు లోతైనా ఉండాలి. కరివేపాకు, అంటు నిమ్మలకు అడుగున్నర కావాలి. అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. పైనున్న మెత్తని మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా నీరు రాళ్లలోకి దిగదు, పైగా రాళ్లు ఆక్రమించిన మేర ఆ తడిపొర వేళ్లకు దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక పెంకుముక్క బోర్లించి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపితే చాలు. నల్లరేగడిని మాత్రం కుండీలోకి తేకూడదు. తడిస్తే ముద్దవుతుంది, ఎండితే బీటలు వారుతుంది.

మేడ మీద పెంచేవారు బరువును తేలికగా తీసుకుంటున్నారు. మనుషులు తిరిగే మేడ కప్పును మన దేశ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారానికి లెక్కవేస్తారు. 20 లీటర్ల కుండీ తడిమట్టితో కలిపి 30 కిలోల దాకా తూగుతుంది కనుక, ఒక చదరపు మీటరులో ఐదు కుండీలు చేరిస్తే ఆ లెక్క నిండిపోయినట్లే. పెద్ద తొట్లను కప్పు నడిమిన కాక దూలాల మీద, గోడల వెంబడి ఉంచాలి. కుండీల కింది పళ్లాలలో నీరు నిలిస్తే డెంగీ దోమ పెరుగుతుంది, దాని గుడ్లు తడి ఆరినా నెలల తరబడి చావవు కాబట్టి వారానికొకసారి పళ్లాన్ని వంపి, లోపలి వైపు రుద్ది కడగాలి.

నర్సరీల వారికి నా విన్నపం ఒక్కటే. ప్రతి మొక్కకూ ఒక చిన్న చీటీ కట్టి, ఎన్ని గంటల ఎండ కావాలో, ఎంత లోతు కుండీ కావాలో, అది గింజ మొక్కో అంటు మొక్కో తెలుగులో రాయండి. దేశం నలుమూలలకూ మొక్కలను పంపే కడియం ప్రాంతపు రైతులు ఈ పని మొదలుపెడితే మిగిలినవారికీ అది అలవాటవుతుంది. మీ పత్రిక కూడా ఇంటిపంటల ఫొటోలు ప్రచురించేటప్పుడు ఆ మేడకు, ఆ బాల్కనీకి ఏ దిక్కు నుంచి ఎంతసేపు ఎండ పడుతుందో ఫొటో కింద ఒక వాక్యం చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ.