సున్నుండ, నేను, ఒక బొంత

శ్రీకాకుళం,
కార్తీకం, ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

ఫోన్లో చెబితే నవ్వుతావని ఉత్తరం రాస్తున్నాను. నేను బొంత కుడుతున్నాను.

తన కంటి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు వంగొద్దన్నారని అమ్మ చెప్పే ఉంటుంది. కార్తీకం మంచు మొదలయ్యేసరికి ఆవిడ ఊరుకోలేక ట్రంకుపెట్టె తెరిపించింది. వంగడం నా వంతు, కుర్చీలో కూర్చుని తప్పులు పట్టడం ఆవిడ వంతు. మొదటిరోజు దబ్బనం తెచ్చాను. "అది బస్తాలకండీ" అంది. మళ్ళీ బజారుకెళ్ళి పెద్ద సూది తెచ్చుకున్నాను.

అయిదున్నర మీటర్ల చీరని మూడు మడతలేస్తే మనిషి పడుకునేంత పొడవొస్తుందని ఈ వయసులో తెలిసింది. రెండు చీరలకి ఆరు పొరలు. గంజి పోయేదాకా నానబెట్టి ఉతికి, ఆరాక వరండా గచ్చు మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం. నడిమి నుంచి అంచులకి చేత్తో సాపు చేసుకుంటూ పోయి, ముందు దూరదూరంగా టాకాలు వేయాలి. ఆ తర్వాతే అసలు కుట్టు. సూది ఆరు పొరల్నీ పట్టాలి, లేకపోతే ఉతికినప్పుడు లోపలి గుడ్డంతా ఒక పక్కకి పోగవుతుంది. నేను మూడు పొరలే పట్టి వెళ్ళిపోయిన వరస ఒకటుంది. అమ్మ కళ్ళజోడు లేకుండానే కనిపెట్టింది. విప్పించింది.

ఇక మన పిల్లి సున్నుండ సంగతి. గుడ్డ పరిచామంటే చాలు, మధ్యలో తిష్ట వేస్తుంది. అదీ మీ నానమ్మ పొందూరు చీర మీదే. ఆ నేతకి పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేస్తారు కదా, ఇన్నేళ్ళకి దీనికి ఆ వాసన తగిలిందేమో! ముందు కాళ్ళతో పిసుకుతూ గురగుర మంటుంది. పాలు తాగేటప్పుడు తల్లి పొట్ట అలా ఒత్తిన అలవాటేనట. ముద్దుగానే ఉంటుంది కానీ నాకు దారంతోనే టెన్షన్. పిల్లి నాలుకకి లోపలికి వంగిన ముళ్ళుంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మలేదు. మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది. అందుకని లేచిన ప్రతిసారీ సూదీ దారం బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగిస్తున్నాను. ఆ డబ్బాలో ఎప్పుడూ బిస్కెట్లు లేవని చిన్నప్పుడు నువ్వు ఏడ్చేదానివి, గుర్తుందా?

ఐదున్నరకల్లా చీకటి పడుతోంది కాబట్టి రోజుకి నాలుగైదు వరసలే అవుతున్నాయి. మీ పుణెలో బొంతని గోధడి అంటారు కదా, అక్కడి ఆడవాళ్ళు నా కుట్టు చూస్తే ఏమంటారో.

అసలు రాయాలనుకున్నది ఇది. పెట్టె అడుగున నీ పసుపు ఓణీ దొరికింది. కొంగు దగ్గర కాలిన చిన్న కన్నం, ఆ ఏడు దీపావళిది. దాన్ని నాలుగు ముక్కలు చేసి మూలలకి వేద్దామంటోంది అమ్మ. కత్తెర నా చేతికిచ్చింది కూడా. నేను మాత్రం నిన్ను అడగాలని ఆపాను. కత్తిరించమంటావా, దాచమంటావా? జవాబొచ్చేదాకా మూలలు వదిలేసి మధ్యలో కుడదామనుకున్నాను కానీ, అక్కడ సున్నుండ పడుకుని ఉంది.

నాన్న